ఇసుకదిబ్బ మీద నీడ

రెనే బ్రెక్కెకి చిన్నప్పటినుంచీ ఒక జబ్బు ఉంది. కాకులు ఒకచోట గుమిగూడి అరుస్తుంటే, అవి దేన్ని చూసి అరుస్తున్నాయో తను కూడా చూసేదాకా అక్కణ్నుంచి కదలదు. ఒకసారి పెళ్లికి వెళ్తూ దారిలో కారు ఆపించి, కొత్త గౌను మోకాళ్ల పైకి పట్టుకుని తూము కిందకి దూరి, నీళ్లు ఎక్కడ ఆగిపోతున్నాయో చూసి వచ్చింది. ఆ పెళ్లి ఆమెదే. చర్చి మెట్ల మీద తను నిలబడ్డ ఇరవై నిమిషాల గురించి మొగుడు గ్యారీ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతూనే ఉంటాడు.

ఇలాంటి మనిషికి దొరకాల్సిన ఉద్యోగమే దొరికింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం పడమటి అంచున, ఇసుకనేలల ట్యామరాక్ కౌంటీలో ఏడు పార్కులున్నాయి. ఏ పార్కులో ఎవరు ఎప్పుడు ఆడుకోవాలి, ఏ మూల ఏ ప్రాణి జోలికి ఎవరూ వెళ్లకూడదు, ఈ రెండు లెక్కలూ ఒకే మనిషి తేల్చాలి. ఆ మనిషి రెనే. ఉద్యోగం అసలు పేరు ఒక్క ఊపిరిలో చెప్పడం కష్టం, అందుకని జనం 'పార్కు రెనే' అని సరిపెట్టుకున్నారు. జనాన్ని రమ్మని పిలవడం ఆమె పనే, వచ్చినవాళ్ల కాళ్ల కింద ఏదీ నలక్కుండా చూడడమూ ఆమె పనే. ఇందులో ఏది తేలికో చెప్పమంటే ఆమె నవ్వి ఊరుకునేది.

ఈ పని కష్టం కావడానికి అసలు కారణం మా కౌంటీ మర్యాద. ఇక్కడ ఎవరూ ఎవరినీ ఏదీ నేరుగా అడగరు. పక్కింటివాడి ఆవు మన మొక్కజొన్నలో పడి మేస్తుంటే, "ఈ ఏడు మొక్కజొన్న బాగా రుచిగా పండినట్టుంది" అంటారు. ఇంటికి వచ్చిన చుట్టం వెళ్లిపోవాలంటే ముందు రెండు చేతులతో మోకాళ్ల మీద చరిచి "సరే మరి" అనాలి. ఆ తర్వాత గుమ్మం దగ్గర అరగంట, కారు దగ్గర మరో పావుగంట మాట్లాడాలి. మనసులో ఉన్న మాట మాత్రం కారు కూడా వెళ్లిపోయాక, ఎవరికి వాళ్లు తమలో తాము అనుకోవాలి.

తొంభై ఎనిమిదిలో ఈ మర్యాద ముదిరి పాకాన పడింది. మంచు మీద చెక్కలు కట్టుకుని జారేవాళ్ల బాట మీద గుర్రపుస్వారీ సంఘం గుర్రాలు లద్దెలు వేసేవి. జారేవాళ్లు ఒక్కరూ నోరెత్తలేదు. పేరు లేని ఉత్తరాలు పత్రికకి రాశారు. గుర్రాలవాళ్లు కూడా పేరు లేకుండానే జవాబులు రాశారు. ఇద్దరూ ఒకే చర్చిలో ఒకే బల్ల మీద కూర్చుని ఒకరికొకరు పాటల పుస్తకం అందించుకుంటూనే చలికాలమంతా ఈ యుద్ధం నడిపారు. రెనేకి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు ఆమె ఒక ఏర్పాటు కనిపెట్టింది.

ప్రతి జనవరిలో సంఘాలన్నీ పార్కు పెద్దగదిలో ఒకే బల్ల చుట్టూ చేరతాయి. ఒక్కో సంఘం తనకి ఆ ఏడాది కావాల్సింది చీటీ మీద రాసి, విత్తనాల కంపెనీవాళ్లు ఇచ్చిన ఒక పాత టోపీలో వేస్తుంది. టోపీ బల్ల చుట్టూ తిరుగుతుంది. తలా ఒక చీటీ తీస్తారు. తనదే తనకి వస్తే మళ్లీ అందులో వేసి ఇంకోటి తీయాలి. ఆ తర్వాత గంటసేపు భోజనం. ఆ గంటలో నీ చేతిలోని చీటీ ఎవరిదో కనుక్కుని, వాళ్ల పక్కన కూర్చుని, అది వాళ్లకి ఎందుకు కావాలో నీకు అర్థమయ్యేదాకా అడగాలి. భోజనాలయ్యాక లేచి నిలబడి, ఆ కోరిక నీదే అన్నట్టు అందరి ముందూ వాదించాలి. ఎవరి కోరిక వాళ్లు చెప్పుకోవడానికి మాత్రం వీల్లేదు. ఇక ఆట కోసం చోటు అడిగిన ప్రతి సంఘమూ ఏడాదిలో ఒకరోజు కలుపు పీకడానికో, పిట్టగూళ్ల పెట్టెలు కడగడానికో రావాలి.

మొదటి ఏడు నవ్వులాటగా మొదలైంది గాని, పని చేసింది. తనకోసం అడగడానికి సిగ్గుపడే మనిషి పక్కవాడి కోసం అడగడానికి వెనకాడడు. గుర్రాలవాళ్లు జారేవాళ్ల బాట కోసం బల్ల గుద్ది వాదించారు. జింకల వేటగాళ్ల పెద్ద, తలుపులో పట్టనంత మనిషి, చిన్నపిల్లల బడి వాళ్ల గుడ్లగూబల్ని చూపించే రాత్రి నడక కోసం మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్లు తుడుచుకున్నాడు. పక్క కౌంటీల వాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లారు.

ఈ ఏర్పాటులో ఒక చిన్న సంగతి చాలా ఏళ్లు ఎవరూ గమనించలేదు. ఇరవై ఒక్క జనవరులు గడిచినా రెనే తన చీటీ ఒక్కటి కూడా ఆ టోపీలో వేయలేదు. "టోపీ పట్టుకునేదాన్ని, నాకు చీటీ ఏంటి?" అనేది. నిజం ఏంటంటే, అందరికంటే ఎక్కువ నోరు పెగలని మనిషి ఆమే. ఊరందరి చేతా ఒకరి మాట ఇంకొకరితో చెప్పించి, తన మాట మాత్రం కడుపులోనే దాచుకుంది.

అలా ఉండగా, రెండువేల పందొమ్మిది జూన్‌లో ఒక సాయంత్రం డ్వేన్ పిప్కార్న్ ఫోన్ చేశాడు. డ్వేన్ బంతి కొట్టి బేసు నుంచి బేసుకి పరిగెత్తే సాఫ్ట్‌బాల్‌లో చర్చిల పోటీలు నడిపేవాడు, రెనేతో ఒకటో క్లాసు నుంచీ చదివినవాడు.

"రెనే, నీ తాబేళ్లు మళ్లీ వచ్చాయే," అన్నాడు.

"నా తాబేళ్లేంట్రా? నేనేమన్నా కన్నానా?"

"మూడో బేస్ పక్కన ఒకావిడ గొయ్యి తవ్వుతోంది. ఆట ఆపాలా?"

"ఆపు. కడుపుతో ఉన్నదాన్ని లేవగొడతావా ఏంటి?"

"ఆపితే ఆపుతా గాని, మా లూథరన్లు రెండు పరుగులు వెనకబడి ఉన్నారు. ఇది మా పన్నాగమేనని కేథలిక్కులు అంటున్నారు."

"పన్నాగం పన్నేంత తెలివి నీకు లేదని నేనొచ్చి చెప్తాలే. ఉండు."

పసుపు గొంతు తాబేళ్లు అవి. చాలా అరుదు, రాష్ట్రం వాటిని కాపాడాల్సిన జాబితాలో పెట్టింది. నాలుగైదేళ్లుగా ఆట మైదానంలోకి వచ్చి గుడ్లు పెడుతున్నాయి. మొదట ఒకటి, తర్వాత మూడు. డ్వేన్ ప్రతి గూటి చుట్టూ నారింజరంగు టోపీల్లాంటి గుర్తులు నిలబెట్టేవాడు. బంతి వాటి మధ్య పడితే కొట్టినవాడికి రెండు బేసులు ఉచితం అని ఒక రూలు కూడా పెట్టారు. మా ఆటగాళ్లు గురిచూసి తాబేళ్ల గూళ్లలోకే కొట్టడం నేర్చుకున్నారు, అది వేరే సంగతి. ఆ జూన్‌లో మాత్రం గూళ్లు పదకొండయ్యాయి. అన్ని గుర్తుల మధ్య ఆడుతుంటే ఆట ఆటలా లేదు. అటు తాబేళ్లకైనా మేలు జరిగిందా అంటే అదీ లేదు. తొక్కుళ్లకీ, రాత్రిపూట తవ్వుకు తినే రకూన్లకీ పోగా, ఐదేళ్లలో బయటికొచ్చిన పిల్లలు తొమ్మిదే.

రాష్ట్ర వన్యప్రాణి కార్యాలయం నుంచి ఒకమ్మాయి వచ్చి అంతా చూసింది. చాలా మెత్తగా మాట్లాడింది గాని, మాట మాత్రం గట్టిదే. వచ్చే జూన్ నాటికి ఈ తాబేళ్లకి ఎండ తగిలే ఇసుకనేల ఇంకోటి ఎక్కడైనా చూపించాలి. లేకపోతే జూన్ నుంచి సెప్టెంబరు దాకా మైదానం మూసేయాలి. అంటే నలభై ఏళ్ల చర్చి పోటీలు ఆగిపోయినట్టే.

డ్వేన్ దిగాలుగా గోడ మీద కూర్చున్నాడు. రెనే మాత్రం వేరే ఆలోచనలో పడింది. తాబేళ్లు ఉండేది పడమటివైపు బురదమడుగులో. అక్కణ్నుంచి మైదానానికి రావాలంటే మధ్యలో పైన్‌చెట్ల దిబ్బ ఎక్కి దిగాలి. జానెడు కాళ్లు కూడా లేని జంతువు అంత దూరం ఎందుకొస్తోంది? ఇంతకుముందు ఎక్కడికి పోయేది?

మర్నాడు సాయంత్రం మడుగు గట్టున కాపలా కాసింది. ఒక పెద్ద తాబేలు గడ్డిలోంచి బయటికొచ్చింది, కాస్త దూరం నడిచింది, ఏమనుకుందో ఏమో వెనక్కి తిరిగి నీళ్లలోకి జారిపోయింది. గుడ్లు పెట్టేముందు అవి రెండు మూడు సాయంత్రాలు ఇలా ఊరికే వచ్చి పోతాయి. అది నీళ్లలోకి జారేలోపే రెనే దాని చిప్ప అంచు చూసింది. ఎడమవైపు రెండు గాట్లు, కుడివైపు ఒకటి. ఎవరో ఆకురాయితో చేసిన గాట్లు. అరిగిపోయి నున్నగా ఉన్నాయి.

ఇక రెనేకి అన్నం సయిస్తుందా? పార్కు కొట్టంలో పాత కాయితాలన్నీ తిరగేసింది. మూడోరోజుకి ఒక బూట్ల అట్టపెట్టెలో చిన్న చిన్న కార్డులు దొరికాయి. డెబ్బై నాలుగులో ఎవరో విశ్వవిద్యాలయం కుర్రాడు వచ్చి తాబేళ్లకి గుర్తులు పెట్టి రాసుకున్నవి. ముప్పై ఎనిమిదో నంబరు కార్డు మీద ఆ గాట్ల బొమ్మ ఉంది. కింద ఇలా రాసి ఉంది: "జూన్ పద్నాలుగు. ఇసుకదిబ్బ, దక్షిణపు వాలు. గుడ్లు పెడుతోంది. బాగా పెద్దది."

రెనే ఆ కార్డు పట్టుకుని నిలబడిపోయింది. ఈ తాబేళ్లు గుడ్లు పెట్టాలంటే పద్దెనిమిదేళ్లు రావాలి. డెబ్బై నాలుగుకే పెద్దదైతే, ఆ ముప్పై ఎనిమిదో నంబరు తాబేలు తనకంటే పెద్దదన్నమాట. రెనేకి అప్పుడు యాభై ఏడు. మరి ఇసుకదిబ్బ ఏది? పార్కులో ఆ పేరుతో ఏమీ లేదు. పైన్‌చెట్ల దిబ్బ ఒక్కటే ఉంది.

సంగతి అర్థమైంది గాని, అర్థమైనట్టు ఒప్పుకోవడానికి ఆమెకి ఇంకో రెండు రోజులు పట్టింది. ఆ కార్యాలయం అమ్మాయి మళ్లీ వచ్చి, అనుమతి కాయితంతో సహా, ముప్పై ఎనిమిదో నంబరు తాబేలు చిప్ప వెనకభాగాన ఒక చిన్న దారపు ఉండ అతికించింది. తాబేలు నడిచినకొద్దీ వెనక దారం విచ్చుకుంటూ పోతుంది. పొద్దున్నే వచ్చి ఆ దారం వెంట నడిస్తే అది రాత్రి ఏ దారిన పోయిందో అడుగడుగూ తెలుస్తుంది. చాలా పాత పద్ధతి.

పొద్దున్న ఆరింటికి రెనే వంగి దారం వెంట నడిచింది. దారం మడుగులోంచి తిన్నగా పైన్‌చెట్ల దిబ్బ ఎక్కింది. చెట్ల మధ్యలో దక్షిణపు వాలుకి చేరింది. అక్కణ్నుంచి ముందుకి పోలేదు. ఒక చెట్టు చుట్టూ తిరిగి, ఇంకో చెట్టు చుట్టూ తిరిగి, తన దారాన్ని తనే ఆరుసార్లు దాటింది. నాలుగుచోట్ల ఎండాకులు గీకేసి ఉన్నాయి. ఒకచోట వేళ్లు తగిలి ఆపేసింది, ఒకచోట రెండంగుళాలు తవ్వి వదిలేసింది. ఆ తర్వాత దారం దిబ్బ దిగి, గీత గీసినట్టు మైదానం వైపు పోయింది. రెనే ఆ గీకిన చోట ఇసుకలో చెయ్యి పెట్టింది. జూన్ నెలలో కూడా ఆ ఇసుక చల్లగా ఉంది. ఎండ పడని ఇసుకలో గుడ్డు పగిలి పిల్ల రాదు. ఏటేటా వస్తోంది, ఇక్కడే వెతుకుతోంది, దొరక్క ముందుకి పోతోంది. ఎన్నేళ్ల నుంచో.

ఆమె అక్కడే చెట్టుకి ఆనుకుని కూలబడింది. ఆ చెట్లు ఎవరివో ఆమెకి బాగా తెలుసు. డెబ్బై ఒకటి వసంతంలో రైతు పిల్లల సంఘం వాళ్లు పన్నెండువందల పైన్‌మొక్కలు ఆ దిబ్బ మీద నాటారు. అన్న బూట్లు వేసుకుని వచ్చిన తొమ్మిదేళ్ల రెనే కూడా నాటింది. నాటించినవాడు క్లేటస్ వాండ్రే. పాడిరైతు, ఆ పిల్లలందరికీ పెద్ద. మొక్క పెట్టి మడమతో మట్టి ఎలా అదమాలో చూపించింది ఆయనే. నోటుపుస్తకం చేతికిచ్చి, "చూసింది ఒక పక్క రాయి, అనుకున్నది ఇంకో పక్క రాయి. రెండూ కలపొద్దు" అని చెప్పిందీ ఆయనే. రెనే ఈ ఉద్యోగంలో ఉందంటే అది ఆ నోటుపుస్తకం పుణ్యమే.

క్లేటస్‌కి ఇప్పుడు ఎనభై తొమ్మిది. పార్కుకి ఎదురుగానే, రోడ్డు అవతల ఒంటరిగా ఉంటున్నాడు. ఆవుల్ని అమ్మేశాడు. భార్య పోయింది. ఆదివారం చర్చి కాగానే కర్ర పట్టుకుని ఆ చెట్ల మధ్యకి వెళ్తాడు. వాలు కింది వరసలో ఒక్కో చెట్టునూ చేత్తో తడుముకుంటూ నడుస్తాడు. దిబ్బ మీద ఎండ పడాలంటే దక్షిణపు వాలు మొత్తం నరికేయాలి. ఆయన బతికుండగా, ఆయన కళ్లముందు. అడక్కుండా నరికిస్తే అంతకంటే పాపం లేదు, పోనీ అడుగుదామంటే ఏ నోటితో అడగాలి?

"చెట్లు కొట్టేస్తే మైదానం దక్కుతుందిగా?" అన్నాడు డ్వేన్ ఆశగా.

"దక్కుతుంది."

"మరి ముసలాయనకి ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తా," అంది రెనే. "ఈ నెలలోనే."

తీరా వెళ్లింది సెప్టెంబరులో, యాపిల్ ముక్కలు కూరి కాల్చిన పై చేసుకుని. క్లేటస్ వంటింట్లో కాఫీ పోశాడు.

"బావున్నారా మిస్టర్ వాండ్రే?"

"బాగోకపోతే మాత్రం ఏం చేస్తాం అమ్మాయ్. ఈ ఏడు మంచు తొందరగా పడేట్టుంది."

"నాకూ అలాగే అనిపిస్తోందండి. ఉడతలు హడావిడి పడుతున్నాయి."

"ఉడతల్ని నమ్మకూడదు. డెబ్బై ఎనిమిదిలో నన్ను నిలువునా ముంచాయి."

రెనే రెండు కప్పుల కాఫీ తాగింది. "అసలు సంగతేంటంటేనండీ, ఆ పైన్‌చెట్లు..." అంది.

"వాటికేమైంది?"

"ఏం లేదండి. బాగా ఎదిగాయి."

"ఎదగవా మరి? చేత్తో నీళ్లు మోసి పోశాం," అన్నాడాయన. మొహం వెలిగిపోయింది.

రెనే మోకాళ్ల మీద చరిచి "సరే మరి" అంది. గుమ్మం దగ్గర అరగంట నిలబడ్డారు. ఆ అరగంటా ఉడతల గురించే.

అక్టోబరులో గుమ్మడికాయ రొట్టె పట్టుకెళ్లింది. నవంబరులో గ్యారీ కొట్టిన జింకమాంసం సాసేజీలు. క్రిస్మస్ ముందు పల్చటి బంగాళాదుంప రొట్టెలు, లెఫ్సెలు, వెన్న రాసి పంచదార చల్లి, గుడ్డలో చుట్టి. ప్రతిసారీ నీళ్లు నమిలి తిరిగొచ్చింది.

"ఆయన్ని పది పౌన్లు లావెక్కించావు గాని ఒక్క మాట చెప్పలేకపోయావు," అన్నాడు గ్యారీ.

"నువ్వు చెప్పు చూద్దాం, అంత మొనగాడివైతే."

"నేనా? నేను బ్రెక్కెల ఇంటివాణ్ని. మేము మా అమ్మ వండింది బాగుందో లేదో కూడా ముప్పై ఏళ్లు చెప్పలేదు."

అలా జనవరి వచ్చేసింది. పెద్దగది కిటికీల అంచుల మీద మంచు గడ్డకట్టింది. బల్ల నిండా వేడి వేడి గిన్నెలు, పుట్టగొడుగుల కూర, జున్ను, పొద్దున్నే కాల్చిన రొట్టెలు. ఇరవై రెండో జనవరి. క్లేటస్ రైతు పిల్లల సంఘం తరఫున ఎప్పటిలాగే పొయ్యి పక్క కుర్చీలో కూర్చున్నాడు. కర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాడు.

రెనే వంటగదిలో నిలబడి మొదటిసారి ఒక చీటీ రాసింది. 'దిబ్బ దక్షిణపు వాలు మీద పైన్‌చెట్లు తీసేసి ఇసుక ఎండకి విడిచిపెట్టాలి. తాబేళ్ల కోసం.' పేరు రాయలేదు. ఆమె పథకం చాలా తేలిక. చీటీని టోపీ అంచు మడతలో దాచి, ఆ అంచు డ్వేన్ చేతికి తగిలేట్టు పట్టుకుంటుంది. డ్వేన్ లేచి వాదిస్తాడు. ముసలాయన బాధపడితే బాధపడతాడు, కనీసం తన నోటి నుంచి వినడు. ఇరవై ఒక్క ఏళ్లు నిజాయితీగా తిప్పిన టోపీని ఆమె ఆరోజు అలా తిప్పింది. ఆమె మీద కోపం రావాలి గాని, నాకు జాలే వేస్తుంది.

తీరా టోపీ డ్వేన్ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి డ్వేన్ లేడు. భోజనం దాకా ఆగలేక రొట్టె ముక్క తెచ్చుకోవడానికి వెళ్లాడు. పక్క కుర్చీలోంచి క్లేటస్ చెయ్యి చాపి, టోపీ తనవైపు లాక్కుని, వేళ్లకి మొదట తగిలిన మడతలోంచి చీటీ తీశాడు.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. మళ్లీ చదివాడు. అందరూ భోజనానికి లేచాక, కర్ర ఊతంగా నెమ్మదిగా నడిచి వంటగదికి వచ్చాడు. రెనే గిన్నెలు కడుగుతోంది. ఆ గిన్నెలు అప్పటికే కడిగినవి.

"ఇది ఎవరిదో కనుక్కోవాలి కదా, రూలు ప్రకారం," అన్నాడు. "అందరినీ అడగక్కర్లేదనుకో. నీ నోటుపుస్తకాలు పదేళ్లు దిద్దినవాణ్ని. ఈ చేతిరాత నేను మర్చిపోతానా?"

"మిస్టర్ వాండ్రే..."

"ఇప్పుడు వాతావరణం గురించి మొదలెట్టావంటే ఈ కర్రతో కొడతా. చూసింది చెప్పు ముందు. అనుకున్నది తర్వాత చెప్దువుగాని."

రెనే చేతులు తుడుచుకుంది. చూసింది చెప్పింది. బూట్లపెట్టెలో కార్డు, డెబ్బై నాలుగు, దక్షిణపు వాలు. దారం చెట్ల చుట్టూ ఆరుసార్లు తిరిగిన సంగతి. నాలుగుచోట్ల గీకి వదిలేసిన ఆకులు. చల్లటి ఇసుక. అనుకున్నది చెప్పబోతుంటే, ఆయన ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు.

"ఎన్నేళ్ల నుంచి తిరుగుతోంది అది?"

"చెట్లు ఎదిగి నీడ కమ్మినప్పటినుంచీ అయ్యుండాలి. ముప్పై ఏళ్లు ఉండొచ్చండి. సందుల్లో మిగిలిన కాస్త ఎండ కూడా పోయాకే మైదానం దాకా వస్తోంది."

క్లేటస్ తల ఊపాడు. చీటీని జేబులో పెట్టుకుని తన కుర్చీకి వెళ్లిపోయాడు. పళ్లెం ముట్టుకోలేదు. రెనే ఆ గంటంతా ఆయన వీపు వైపే చూస్తూ గడిపింది. ఆ వీపు చూసి కోపమో బాధో చెప్పడం ఎవరి తరం?

భోజనాలయ్యాయి. పడవలవాళ్లు కుక్కలవాళ్ల కోసం మాట్లాడారు, కుక్కలవాళ్లు పిట్టలు చూసేవాళ్ల కోసం మాట్లాడారు. డ్వేన్ గుర్రాలవాళ్ల నీళ్లతొట్టె కోసం మాట్లాడి నవ్వించాడు. క్లేటస్ వంతు వచ్చింది. ఆయన లేచి నిలబడడానికి కాస్త సమయం పట్టింది. చీటీ బయటికి చదివాడు. ఆ చెట్లు ఎవరివో తెలియనివాళ్లు ఆ గదిలో లేరు.

"నేను దీని తరఫున మాట్లాడాలి," అన్నాడు. "మాట్లాడతాను. డెబ్బైలో, జూన్ నెల. ఆ దిబ్బ పక్కన గడ్డి కోస్తున్నా. అప్పుడది ఉత్త ఇసుక, గడ్డిపోచ లేదు. నడినెత్తిన సూర్యుడు మండుతున్నాడు. ఆ ఇసుక మీద ఒక తాబేలు కూర్చుని ఉంది. మెడ చాపి, గొంతు ఆడిస్తోంది. సాయంత్రం చూస్తే ఇంకో రెండొచ్చాయి. ఆ ఎండలో నా ఆవుల్ని నిలబెడితే పాలు ఇంకిపోతాయి. పాపం, వీటికి నిలువనీడ లేదే అనుకున్నా."

ఎవరో కుర్చీలో కదిలారు. ఆయన ఆగలేదు.

"కలప కోసం అని చెప్పా పిల్లలకి, వాళ్ల నాన్నలకి. తాబేళ్లకి నీడ కోసం పన్నెండువందల మొక్కలు నాటుతున్నానంటే మా రైతులు నన్ను బతకనిస్తారా? మా ఆవిడకి కూడా చెప్పలేదు. అవి ఎండ కోసం వచ్చాయని నాకు తెలీదు. ఎవర్నన్నా అడిగితే చెప్పేవాళ్లేమో. అడగలేదు." ఆయన చీటీ మడిచాడు. "ఎదిగాక ఏటేటా వెళ్లి చూసుకుంటున్నా, హాయిగా ఉన్నాయి కదా అని. తాబేళ్లు కనపడకపోతే, నీడలో ఎక్కడో పడుకున్నాయిలే అనుకున్నా."

అప్పుడు ఆయన గోడ దగ్గర నిలబడ్డ రెనే వైపు తిరిగాడు.

"అది ముప్పై ఏళ్లు నా చెట్ల చుట్టూ తిరిగింది. ఈ పిల్ల పైలు, రొట్టెలు పట్టుకుని నాలుగు నెలలు నా వంటింటి చుట్టూ తిరిగింది. దానికైతే నోరు లేదు."

రెనే ఏడ్చేసింది. చేతిలో ఉన్న టోపీతోనే మొహం కప్పుకుంది. ఎవరూ ఎటూ చూడలేక అందరూ తమ తమ కాఫీ కప్పుల్లోకి చూశారు. మా కౌంటీలో అంతకంటే పెద్ద ఓదార్పు లేదు. కాసేపటికి ఆమె టోపీ దించి, ముక్కు తుడుచుకుని, బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆ చీటీ నాది," అంది. "ఆ చెట్లు కొట్టించాలని నేనే అడుగుతున్నా. అందులో నేను నాటింది కూడా ఉంది. డ్వేన్‌తో చెప్పించాలని టోపీలో మోసం చేశాను. మిస్టర్ వాండ్రే, మీతో ముందే చెప్పాల్సింది. తప్పయిపోయింది."

"అదీ అలా చెప్పాలి," అన్నాడు క్లేటస్. "చేతులెత్తమను."

ఆమె ఎత్తమంది. మొదటి చెయ్యి పొయ్యి పక్కనుంచే లేచింది. ఆ తర్వాత ఒక్కొక్కటే లేచి బల్ల చుట్టూ అన్ని చేతులూ లేచాయి. రెనే లెక్కపెట్టడం మర్చిపోయి అలాగే నిలబడితే, డ్వేనే లెక్కపెట్టి గట్టిగా చెప్పాడు.

"ఎప్పుడు కొట్టిస్తావు?" అని అడిగాడు క్లేటస్, కూర్చుంటూ.

"ఫిబ్రవరిలోనండి. నేల గడ్డకట్టి ఉన్నప్పుడైతే బండ్లు దిగబడవు."

ఆయన కాసేపు కిటికీలోంచి దిబ్బ వైపు చూశాడు. చెట్ల కొమ్మల మీద మంచు నిండుగా ఉంది.

"కింది వరస నుంచి మొదలుపెట్టించు," అన్నాడు. "నా చేత్తో పెట్టినవి అవే. మొద్దులు కూడా మిగల్చొద్దు, ఆ కాస్త నీడ కూడా దానికి అడ్డమే."